తొట్టిలో కాపురం

విశాఖపట్నంలో మా చెల్లెలింట్లో ముందుగది గోడవారగా మూడడుగుల అక్వేరియం ఒకటుంది. ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, ఒక పంపు, రెండు క్లౌన్ ఫిష్‌లు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే చేపలివి. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా పుణ్యమా అని పిల్లలు వీటిని నీమో చేపలంటారు. కొట్టువాడు ‘జంట’ అని చెప్పి అమ్మాడు. జంట అన్నాక ఇక ఇంటిల్లిపాదికీ అవి ఆలుమగలే. ఒకటి పెద్దది, రెండోది దానిలో సగం. పెద్దది మొగుడనీ చిన్నది పెళ్ళామనీ ఎవరూ ఎవరినీ అడక్కుండానే నిర్ణయమైపోయింది.

సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఆ చిన్నది చేసే పని ఒకటి చూశాను. పెద్దదాని ముందుకొచ్చి, ఒక పక్కకు ఒరిగి, మూర్ఛ వచ్చినట్టు ఒళ్ళంతా గజగజలాడించేది. రెండు క్షణాలు. మళ్ళీ మామూలుగా ఈదుకుంటూ పోయేది. పెద్దది ఒక్కోసారి ఊరుకునేది, ఒక్కోసారి తరిమేది. “మొగుడంటే ఆ మాత్రం భయముండాలి వదినగారూ” అన్నాడు మా మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు.

నెల తిరక్కుండా చెల్లెలు ఫోను చేసింది. “అక్కా, చిన్నదాని తోక చిరిగిపోయింది. పంపు వెనక మూలకి పోయి, నీళ్ళ పైభాగంలోనే నిలబడిపోతోంది. మేత వేసినా రావడం లేదు. ఈయనేమో కొత్త కాపురం కదా, సర్దుకుంటాయిలే అంటున్నారు.”

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఒక కౌన్సెలింగ్ కేంద్రం రికార్డుల మీద నేను కొన్నేళ్ళు పనిచేశాను. ఫైలు మూసేటప్పుడు అక్కడ రాసే ఆఖరి వాక్యం దాదాపు అన్నింట్లోనూ ఒకటే: ఇరుపక్షాలూ సర్దుకుపోవడానికి అంగీకరించారు. ఎవరు ఎంత సర్దుకున్నారో, దేన్ని వదులుకుని సర్దుకున్నారో ఫైలులో ఉండదు. చేపల గురించి నాకేమీ తెలియదు. కానీ ‘సర్దుకుంటాయిలే’ అన్నది తొట్టి దాకా వెళ్ళిందంటే చదవక తప్పదనిపించింది. రెండు వారాలు చదివాను.

మొట్టమొదట తెలిసింది పెద్దది ఆడదని.

ఆ సంగతి చెల్లెలికి ఫోనులో చెప్పాను, అది ఇంట్లో చెప్పింది. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలు మర్నాడు నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. మా మరిది అన్నాడట: “అయితే ఉత్త గయ్యాళిదన్నమాట. దాన్ని తీసి కొట్టువాడికి ఇచ్చేసెయ్.” చెల్లెలి అత్తగారు తొట్టి దగ్గరికి వచ్చి, “పాపం మగపిల్లాడు, ఎలా చిక్కిపోయాడో చూడు” అన్నారట. ముందురోజు దాకా ఆ కొరకడం కొత్త కాపురంలో మామూలే. ఆ రోజు నుంచి అదే కొరకడం ఇంట్లోంచి గెంటేయాల్సినంత నేరం. చేపలు మారలేదు, పళ్ళు మారలేదు, తోక మీద గాయం మారలేదు. కొరికేది ఆడదని తెలిసిందంతే.

తెలుగులో ‘గయ్యాళి’కి పుంలింగం లేదు. కోపిష్టి మగవాడికి కోపిష్టి అన్న మాట చాలు, అందులో సగం గౌరవం కూడా ఉంటుంది. గయ్యాళి అనగానే 1962 నాటి ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతం గారు మనందరి కళ్ళ ముందూ మెదులుతారు. ఆమె ఆ పాత్రలను ఎంత బాగా వేశారంటే, ఆమె తర్వాత ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటారు. మగ నటులు ఎంతమంది ఎన్ని క్రూరమైన వేషాలు వేసినా వాళ్ళ పేర్లకు ఆ గతి పట్టలేదు.

సరే, చేపల దగ్గరికి వస్తాను. క్లౌన్ ఫిష్‌లో ముప్పై దాకా జాతులున్నాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చటి నీళ్ళలో పగడపు దిబ్బల మీద ఉంటాయి. మన అండమాన్, లక్షద్వీప్ దగ్గరా ఉన్నాయి. చూడటానికి పువ్వులా ఉండి, ముట్టుకుంటే కుట్టే సీ అనిమోన్ అనే జంతువు వీటికి ఇల్లు. మిగతా చేపల్ని కుట్టే ఆ అనిమోన్ వీటిని ఏమీ చెయ్యదు. ఒక్కో అనిమోన్‌లో ఒక చిన్న గుంపు. అన్నింటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, మిగిలినవన్నీ వరసగా ఒకదాని కంటే ఒకటి చిన్నవి, పిల్లల్ని కనని చేపలు. అమ్మా నాన్నా పిల్లలూ అని మనం అనుకుంటాం. మామూలుగా అవి ఆ జంట పిల్లలు కావు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పది పన్నెండు రోజులు సముద్రం మీద ఎటో కొట్టుకుపోయి, ఎక్కడో ఇంకో అనిమోన్ దొరికితే అక్కడ చేరతాయి. ఆ గుంపు కుటుంబం కాదు, రేషను షాపు ముందు క్యూ లాంటిది.

క్యూ అని ఊరికే అనలేదు. ఈ చేపలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. ఆడది చచ్చిపోతే రెండో స్థానంలో ఉన్న మగది ఆడదవుతుంది, మూడోది పెరిగి మగ స్థానంలోకి వస్తుంది. ఒకసారి ఆడదయ్యాక మళ్ళీ మగది కాలేదు. 1977లో ‘నేచర్’ పత్రికలో ఫ్రికె అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు దీన్ని వివరించారు. 2003లో పీటర్ బస్టన్, అదే పత్రికలో, పపువా న్యూగినీ చేపల మీద రాసిన వ్యాసంలో ఇంకో సంగతి చెప్పాడు. క్యూలో కింద ఉన్న చేప తన పైదాని కంటే ఒక మెట్టు చిన్నగా ఉండేటట్టు తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. దాన్ని మించేటంత పెరిగితే గెంటేస్తారు. అనిమోన్ బయట పడ్డ చేప ఇతర చేపలకు ఆహారమైపోతుంది. 2019లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూసింది మరీ ఆసక్తిగా ఉంది. రెండు మగ చేపల్ని కలిపి పెడితే, పైచేయి అయిన చేప మెదడు ముందు ఆడదాని మెదడులా మారుతుంది. శరీరంలోని అండాశయం సంగతి ఎన్నో నెలల తర్వాత. అంటే ఆ చేప అన్నాళ్ళూ ఆడదానిలా మసులుతూ ఉంటుంది, కోసి చూస్తే మాత్రం ఇంకా మగదే.

ఇదంతా నేను ఫోనులో చెబుతుంటే చెల్లెలు స్పీకర్ పెట్టినట్టుంది. అత్తగారు వెనకనుంచి అన్నారు: “అంటే నేను పోతే ఇది అత్తవుతుంది. అంతేగా? దానికి ఇంత చదువెందుకు?” క్యూ సంగతి నాకు రెండు వారాలు పట్టింది, ఆవిడకు రెండు నిమిషాలు.

ఇక ఆ వింత ప్రవర్తనలకు వస్తే, వాటిలో సగం వింతలు కావు. ఒళ్ళు గజగజలాడించడం నేను నీకంటే కిందివాణ్ణి అని చెప్పుకోవడం. దాన్ని చూసి ఆడది కొరకడం ఆపుతుంది. రాత్రి మూలలో పక్కకు ఒరిగి, చచ్చిపోయిందా అన్నట్టు తేలుతూ పడుకోవడమూ మామూలే. చూసినవాళ్ళకి గుండె ఆగుతుంది, పొద్దున్నే అది మేతకొస్తుంది. పంపునో కుండపెంకునో అంటిపెట్టుకుని ఉండటం అనిమోన్ లేని తొట్టిలో దానికి దొరికిన ఇల్లు. ఇళ్ళలో, హేచరీల్లో పుట్టిన చేపలకు అనిమోన్ ఇచ్చినా ఒక్కోసారి దాని వంక చూడవు, పంపునే పట్టుకుంటాయి. ఒక రాయి మీద నోటితో గీకిగీకి శుభ్రం చేస్తున్నాయంటే గుడ్లు పెట్టే ఆలోచన. అలా కాకుండా, రెక్కలు చిరగడం, ఒకటి మూలకి తోసేయబడి పైనే నిలబడిపోవడం, మేతకు రాకపోవడం, మొప్పలు గబగబా ఆడటం — ఇవి చూస్తే మాత్రం వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి. సర్దుకుంటాయిలే అంటే కుదరదు.

కొట్టువాడు అమ్మిన ‘జంట’ సంగతి కూడా అప్పుడే తెలిసింది. రెండు చిన్న చేపల్ని, ఒకటి కాస్త పెద్దది ఒకటి కాస్త చిన్నది, కలిపి పెడితే పెద్దది క్రమంగా ఆడదవుతుంది. చాలామంది జంటను తయారుచేసేది అలాగే. రెండూ అప్పటికే ఆడవైతే చావు దాకా కొట్టుకుంటాయి. మా చెల్లెలింట్లో అవి కలిసి నాలుగు నెలలే అయింది. ఇంకా ఎవరిది ఏ స్థానమో తేలని జంట అది.

ఇక్కడ ఆగి మన గురించి మాట్లాడాలి. పోయిన ఏడాది ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్తల శిక్షణలో ఒక అమ్మాయి బొమ్మలు చూపిస్తూ ఉత్సాహంగా చెప్పింది: ‘ప్రకృతిలో ఆడదే రాణి. క్లౌన్ ఫిష్‌ని చూడండి. ఆడది ఏలుతుంది, మగది గుడ్లు కాస్తుంది.’ చప్పట్లు కొట్టారు. నిజమే, మగది రెక్కలతో విసురుతూ గుడ్లకు గాలి తగిలేలా చూస్తుంది, పాడైన గుడ్లు ఏరేస్తుంది. ఆరు నుంచి పది రోజులు ఆ పని దానిదే ప్రధానంగా. అయినా ఆ చప్పట్లలో నేను కలవలేకపోయాను. సింహాన్ని చూపించి మగవాడు ఏలాలి అనేవాళ్ళతో మనకు ఇన్నేళ్ళుగా పేచీ. చేపను చూపించి ఆడది ఏలుతుంది అంటే, ఆ పేచీలో వాళ్ళ పద్ధతిని మనం ఒప్పేసుకున్నట్టే కదా? రేపు ఎవరైనా మగది కాలు మోపనివ్వని ఆడసాలీడును తెస్తారు, ఇంకొకరు ఇంకో కోతిని తెస్తారు. మనం జంతుప్రదర్శనశాలంతా తిరగాల్సి వస్తుంది.

శాస్త్రం రాసేవాళ్ళ భాష కూడా మన ఇళ్ళలోంచే వెళ్తుంది. 1977 వ్యాసం శీర్షికలోనే ఏకపత్నీత్వం లాంటి మాటా, దాడిచేసే ఆధిపత్యమనే మాటా పక్కపక్కన ఉన్నాయి. అండం, శుక్రకణం గురించి పాఠ్యపుస్తకాలు రాసే తీరును ఎమిలీ మార్టిన్ 1991లో విప్పి చూపించింది. అక్కడ అండం రాకుమారి, శుక్రకణం వీరుడు. లింగం మార్చుకునే చేపలతో సహా ప్రకృతిలోని వైవిధ్యాన్నంతా జోన్ రఫ్‌గార్డెన్ 2004లో ఒక పుస్తకంగా రాసింది. ఆమె జీవశాస్త్రవేత్త, ట్రాన్స్‌జెండర్ స్త్రీ. ఆ పుస్తకం మన కార్యకర్తలు చదవాల్సిందే. ఎందుకంటే ‘ప్రకృతిలో ఇలా ఉండదు’ అనేవాళ్ళకి ‘ఉంటుంది’ అని జవాబు చెప్పడం అవసరం. ‘ప్రకృతిలో ఉంది కాబట్టి హక్కు ఇవ్వండి’ అనడం వేరు. ఈ రెంటి మధ్యా తేడా చెరిపేస్తే నష్టపోయేది మనమే.

ఎలాగంటే, ఈ దేశంలో ఆ మాట చట్టంలోనే ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ‘ప్రకృతి క్రమానికి విరుద్ధంగా’ అన్న మాట మీదే నిలబడింది. పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు అది వర్తించదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2018 దాకా పట్టింది. అంతకు ముందు 2014లో నల్సా కేసులో, ఎవరు ఆడో ఎవరు మగో ఎవరు ఈ రెండూ కాదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని అదే కోర్టు అంది. హైదరాబాదు రాజ్యంలో 1919లో హిజ్రాల మీద తెచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ చట్టం కింద వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించేవాళ్ళు, వారంటు లేకుండా అరెస్టు చేసేవాళ్ళు. సమానత్వం, జీవించే హక్కు — 14, 21 అధికరణాలు. వాటి మీద నిలబడ్డాయి ఆ తీర్పులు. ఏ చేపా బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు. ఆ శిక్షణలోనే ఒక ట్రాన్స్ కార్యకర్త, చప్పట్లు ఆగాక, మెల్లగా అంది: “మాకు డాక్టరు సర్టిఫికెట్టు అడిగారు, కలెక్టరు సర్టిఫికెట్టు అడిగారు. ఇప్పుడు చేప సర్టిఫికెట్టు కూడానా మేడమ్?” ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండానే భోజనాలకి లేచాం.

చిన్న చేప తన ఎదుగుదలను ఆపుకుంటుందని చదివినప్పుడు నేనూ ఆ పొరపాటే చేశాను, ఒప్పుకోవాలి. పుస్తకం మూసేశాను. భర్త కంటే ఎక్కువ జీతం వస్తుందని పదోన్నతి వద్దనుకున్న ఒక ఉపాధ్యాయురాలు గుర్తొచ్చింది. అత్తింట్లో ఇంగ్లీషు రానట్టు నటించిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. కానీ అక్కడ ఒదిగేది మగ చేప. అది ఒదిగేది ఒక నాటికి పెద్ద స్థానం తనదవుతుందని. ఆ ఉపాధ్యాయురాలికి ఏ స్థానమూ రాలేదు. భర్త పోయాక బంగారమే పోయింది. పోలిక కుదరలేదు, వదిలేశాను.

వదల్లేకపోయిన పోలిక ఒకటుంది. అది చేపలది కాదు, తొట్టిది. సముద్రంలో కూడా పెద్దది చిన్నదాన్ని కొరుకుతుంది. అక్కడ అనిమోన్ చుట్టూ తప్పుకునే చోటు ఉంటుంది, గుంపులో మరి నాలుగు ఉంటే కోపం నలుగురి మీదా పంచుకుంటుంది. సముద్రం స్వర్గమేమీ కాదు, గెంటేస్తే చావేనని చెప్పాను కదా. అయినా మూడడుగుల గాజు పెట్టెలో, రెండే రెండు చేపలు, పగలంతా లైటు వెలుగులో, దాక్కోడానికి రాయి వెనకైనా చోటు లేకుండా — దీన్ని చూసి చేపల స్వభావం ఇది అనడం తప్పు. ఆ తొట్టి ప్రకృతి కాదు. కొలతలు మనవి, ఎన్ని చేపలన్నది మన నిర్ణయం, జంట అన్న పేరు మనం పెట్టింది. కుటుంబం విషయంలోనూ ‘ఆడదాని స్వభావం’, ‘మగాడి స్వభావం’ అని ఫైళ్ళలో రాసుకుంటాం. గది కొలతలు రాయం. ఆవిడ కోపం వచ్చినప్పుడు వెళ్ళగలిగే ఇంకో ఇల్లుందా, చేతిలో బస్సు ఛార్జీ ఉందా, అన్నది ఆ ఫారంలో గడిగా కూడా ఉండదు. నేను చదివిన ఫైళ్ళలో లేదు.

చేపల్ని పెంచేవాళ్ళు ఇలాంటప్పుడు చెప్పే ఉపాయం నన్ను ఆశ్చర్యపరిచింది. కరిచేదాన్ని చిల్లులున్న పెట్టెలో పెట్టి అదే తొట్టిలో వేలాడదీయాలి. దెబ్బలు తిన్నదాన్ని కాదు. దెబ్బలు తిన్నదాన్ని పెట్టెలో పెడితే, పెద్దది తొట్టంతా తనదే అనుకుంటుంది, బయటికి తీశాక మళ్ళీ మొదలు. చిన్నది తొట్టంతా తిరగాలి, రాళ్ళ మధ్య దారులు తెలుసుకోవాలి. రాళ్ళను కూడా అటూ ఇటూ మార్చి పేర్చాలి, పెద్దదాని హద్దులు చెరిగిపోయేలా.

2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షను కూడా సరిగ్గా ఇదే చెబుతుంది కదా! హింస చేసినవాణ్ణి ఇంట్లోంచి బయటికి వెళ్ళమని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. (ఆ ఉత్తర్వు ఆడవాళ్ళ మీద ఇవ్వకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి చట్ట ప్రకారం మా పెద్ద చేపను కదపడానికి వీల్లేదు.) ఆచరణలో మనం ఏం చేస్తున్నాం? దెబ్బలు తిన్నావిణ్ణి పుట్టింటికో, వసతి గృహానికో పంపుతున్నాం. అది రక్షణే, కాదనను. కానీ ఆవిడ పెట్టెలో ఉన్నన్నాళ్ళూ తొట్టంతా ఎవరిదైందో మనం లెక్క చూడటం లేదు. పిల్లల బడి, రేషను కార్డు, పక్కింటివాళ్ళ సాక్ష్యం, అన్నీ అక్కడే ఉండిపోతాయి. 17వ సెక్షను ఇచ్చిన నివాస హక్కు గురించి మన కరపత్రాల్లో రాస్తాం. బయటికి పంపే ఉత్తర్వు అడుగుతూ దరఖాస్తు వెయ్యమని మన కార్యకర్తలే ఎంతమంది చెబుతున్నారు? ‘అంత దూరం లాగితే కాపురం మిగలదు’ అని జంకేది ఒక్క కోర్టు మాత్రమే కాదు.

మా చెల్లెలు పెద్ద చేపను కొట్టువాడికి తిరిగి ఇవ్వలేదు. వంటింట్లో పండ్లు కడిగే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట కొత్తది ఒకటి కొని, దానికి మూత కట్టి, పెద్దదాన్ని అందులో పెట్టి తొట్టి గోడకి వేలాడదీసింది. రాళ్ళు తీసి వేరేగా పేర్చింది, వెనక దాక్కునే సందులుండేలా. మొదటి రెండ్రోజులు చిన్నది ఆ మూలనుంచి కదల్లేదట. మూడో రోజు మేతకొచ్చింది. తర్వాత బుట్ట దగ్గరికి తనే వెళ్ళి, బయటనుంచి ఆ వణుకు వణికి వచ్చేదట. చెల్లెలికి అది చూస్తే ఒళ్ళు మండిపోయేది. “కరిచినదాని దగ్గరికే పోతుందేంటక్కా ఇది!” అని నాకు ఫోను. నీ కోపం ఏ ఫైలు మీదిదో చూసుకో అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పన్నెండు రోజులకి బుట్ట తీసేసింది. ఇప్పటికి ఆరు వారాలు. తరమడం ఉంది, కొరకడం లేదు. చిన్నదాని తోక మళ్ళీ వచ్చింది, ఒక అంచు మాత్రం కాస్త వంకరగా. ఇద్దరూ పంపు పక్కనే పడుకుంటారు. మొన్న రెండూ కలిసి ఒక రాయి ముఖాన్ని గీకుతున్నాయని చెల్లెలు ఫోను చేసింది. గుడ్లు పెడితే కాయాల్సింది ఎవరని మా మరిది అడిగాడట. చిన్నదేనని చెప్పింది. “ఒక్కడే? వారం రోజులా?” అన్నాడట. గుడ్లయితే ఇంకా పెట్టలేదు.